ముంపు ఊరు వదిలి వచ్చాక నాలుగేళ్ల పాప కుదుటపడింది, మేము కుదుటపడలేదు. ఎందుకు?

పానగల్ బాటసారి:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. జలాశయం ముంపు కింద ఊరు ఖాళీ చేయవలసి రావడంతో గత వేసవిలో ఇల్లు, మూడున్నర ఎకరాల చెల్క వదులుకొని నల్లగొండ పట్టణం అంచున, పానగల్ వైపు, ఒక అద్దె ఇంటికి వచ్చాము. ఇంట్లో మా నాయన, అమ్మ, నేను, నా భార్య, నాలుగేళ్ల పాప, మొత్తం అయిదుగురం. పరిహారం కోసం తిరిగిన తిరుగుడు ఇక్కడ రాయను. అది వేరే గోడు. నా ప్రశ్న పాప గురించి, పాపను చూసిన తర్వాత మా గురించి.

వచ్చిన మొదటి రెండు వారాలు పాప పొద్దు గూకగానే చెప్పులు వేసుకొని గేటు దగ్గర నిలబడేది. "డాడీ, ఇగ మనింటికి పోదాం" అనేది. ఇదే మన ఇల్లు అంటే నమ్మేది కాదు. "మరి బర్రె ఏడుంది?" అనేది. అమ్మినామని చెబితే, ఎవరికి అమ్మినం, వాళ్లు దానికి కుడితి పెడుతున్నరా, అది మనల్ని యాది చేస్తదా అని ఒకదాని వెంట ఒకటి అడిగేది. మరునాడు మళ్లీ అవే ప్రశ్నలు, అదే వరుస. ఆ ప్రశ్నలు వినలేక నేను రెండు మూడుసార్లు కసిరాను కూడా. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఊర్లో మూటలు కట్టేటప్పుడు మా అమ్మ పాత ఇత్తడి సామాను అమ్మేస్తుంటే, పాప ఒక సోలను పట్టుకొని ఎంతకీ వదలలేదు. వడ్లు కొలిచే సోల, అంచు ఒకచోట సొట్టపోయింది. ఇక్కడికి వచ్చాక రాత్రిపూట దాన్ని పక్కలో పెట్టుకొని పడుకునేది. మూడో వారంలో, ఎదురు స్థలంలో ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప మీద కూర్చొని, ఆ సోలతో ఇసుక కొలవడం మొదలుపెట్టింది. మా నాయన కల్లంలో కొలిచినట్లే "లాభం, రెండు, మూడు" అని లెక్క. గల్లీ పిల్లలకు ఆ వస్తువూ తెలియదు, ఒకటికి బదులు లాభం అనే ఆ లెక్కా తెలియదు. నాలుగు రోజులు గడిచేసరికి ఆరుగురు పిల్లలు ఆ సోల కోసం వంతులు వేసుకుంటున్నారు. నెల తిరిగేసరికి మా పాపకు గల్లీలోని కుక్కలన్నింటి పేర్లు తెలుసు. నాకు పక్కింటాయన పేరు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

నా సంగతి చెప్పాలంటే, పాలు పిండడానికి బర్రె లేకపోయినా నాలుగింటికే లేచి, ఏం చేయాలో తోచక వాకిట్లో నిలబడతాను. మా నాయన రోజూ పొద్దున పట్టణంలోని బస్టాండుకు పోయి, దేవరకొండ బస్సులు ఆగే చోట గంటసేపు కూర్చొని, దిగేవారిలో తెలిసిన ముఖం ఉందేమోనని చూసి వస్తాడు. ఇంట్లో మాట్లాడడం బాగా తగ్గించాడు.

పిల్లలు తొందరగా మరిచిపోతారు కాబట్టి సర్దుకుంటారని మా చుట్టాలు అంటున్నారు. కాని మా పాప ఏమీ మరిచిపోలేదు. బర్రె కొమ్ముల వంపును ఇప్పటికీ గాలిలో చేత్తో గీసి చూపిస్తుంది. మరిచిపోకుండానే కుదుటపడడం ఎట్లా సాధ్యం? అది పెద్దవాళ్లు నేర్చుకోవడానికి వీలైన పనేనా?

అంగన్‌వాడీ టీచరమ్మ, నాగర్‌కర్నూల్:

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ కేంద్రం నడుపుతున్నాను. ఏటా జూన్ నెలలో మూడేళ్లు నిండిన పిల్లలు కొత్తగా వస్తారు. అప్పటిదాకా వాళ్లకు లోకమంటే అమ్మ కొంగు, ఇంటి అరుగు. ఒక్క పూటలో ఆ రెండూ పోయి, ముఖం తెలియని ఇరవై మంది మధ్య చాప మీద కూర్చోవాలి. ఆ వయసుకు అది ఊరు మునిగినంత పనే.

ఇన్నేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, బిడ్డ ఎంత సేపు ఏడ్చిందన్నదానికంటే తల్లి ఏం చెప్పి పోయిందన్నది ముఖ్యం. "ఇప్పుడే వస్తా" అని అబద్ధం చెప్పి వెనక నుంచి జారుకున్న తల్లి బిడ్డ, నెల గడిచినా ఆట మధ్యలో తలుపు వైపు చూస్తూనే ఉంటుంది. "అన్నం తిని, గుడ్డు తిని, పండుకొని లేచినంక వస్తా" అని చెప్పి, చెప్పినట్లే వచ్చిన తల్లి బిడ్డ కూడా అంతే ఏడుస్తుంది, కాని వారం పది రోజుల్లో కుదురుకుంటుంది. ఒక పిల్లవాడు గుడ్డు చేతికి రాగానే "ఇగ పండుకునుడే ఉన్నది" అని తనకు తానే చెప్పుకొని కళ్లు తుడుచుకోవడం నా కళ్లతో చూశాను. వాడికి గడియారం తెలియదు, కాని దేని తర్వాత ఏది వస్తుందో తెలుసు.

మొదటి రోజు గొంతు చించుకొని ఏడ్చే పిల్లల గురించి నాకు దిగులు ఉండదు. ఒక మూలకు కూర్చొని, పెట్టింది తిని, మాట్లాడకుండా ఉండే పిల్లను చూసి "మంచిగ అలవాటైంది" అని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ పిల్లనే ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను. మీ నాయన బస్టాండులో కూర్చోవడం వింటే నాకు ఆ మూల గుర్తుకు వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చొని, "నాయనా, ఊరు ఇక లేదు, మనం తిరిగి పోము" అని ఎవరైనా ఒక్కసారైనా చెప్పారా? పాప అడిగింది కాబట్టి పాపకు చెప్పారు. ఆయన అడగలేదు కాబట్టి మీరు చెప్పి ఉండరు.

ఇంకొక మాట. బిడ్డ అదే ప్రశ్న పదిసార్లు అడిగేది జవాబు తెలియక కాదు. నిన్నటి జవాబు ఇవాళ కూడా అట్లాగే ఉందా అని తడిమి చూసుకుంటుంది. కసిరినందుకు బాధపడకు గాని, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పు.

పసి మనసుల పరిశీలకుడు, మహబూబ్‌నగర్:

అన్నా, నేను మనస్తత్వశాస్త్రం చదువుకున్నాను. పిల్లల ఎదుగుదల నాకు ఇష్టమైన విషయం. టీచరమ్మ అనుభవంతో చెప్పిన మాటల పక్కన నిలిచే పరిశోధనలు కొన్ని ఉన్నాయి.

అమెరికాలో కారెన్ అడాల్ఫ్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం నడక నేర్చుకునే పిల్లలను గమనించి 2012లో ఫలితాలు ప్రచురించింది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటిన వయసు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటలో 17 సార్లు! పడిన ప్రతిసారీ ఎవరు చూశారోనని సిగ్గుపడితే ఏ బిడ్డా నడక నేర్చుకోదు. మన సంగతి చూడండి: కొత్త ఊళ్లో ఆటో ఎక్కడ ఆగుతుందో అడగడానికి కూడా, వీడెవడో బయటివాడు అనుకుంటారేమోనని వెనుకాడతాము. మీకు పక్కింటాయన పేరు తెలియకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. మొదటి నెలలో అడగలేదు, ఇప్పుడు అడిగితే బాగుండదు.

రెండవది 2014 నాటిది, అలిసన్ గోప్నిక్, ఆమె తోటి పరిశోధకులు చేసినది. ఒక పెట్టె మీద కొన్ని రకాల దిమ్మెలు పెడితే అది వెలిగి పాట పాడుతుంది. కొన్నిసార్లు ఒక దిమ్మె చాలు. కొన్నిసార్లు రెండు కలిపి పెడితే తప్ప మోగదు. రెండు కలిపితేనే మోగుతుందన్న సూత్రాన్ని నాలుగైదేళ్ల పిల్లలు పట్టుకున్నంత సులువుగా విశ్వవిద్యాలయ విద్యార్థులు పట్టుకోలేకపోయారు. పెద్దవాళ్లు ఒక్క కారణానికి ఒక్క ఫలితం అని ముందే గీత గీసుకొని కూర్చున్నారు. కళ్ల ముందున్న ఆధారం ఇద్దరికీ ఒకటే. పిల్లలకు మాత్రం చెరిపేయవలసిన పాత గీత అంత లోతుగా లేదు.

సోల గురించి మీరు రాసింది చదివినప్పుడు నాకు ఇంకొకటి గుర్తుకు వచ్చింది. 2000లో జర్మన్, డెఫేటర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఒక పెట్టెను సామాను పెట్టుకునేదిగా చూపించి, తర్వాత దాన్ని ఎత్తుపీటగా వాడితే తప్ప తేలని చిక్కు ఇచ్చారు. ఆరేడేళ్ల పిల్లలకు అది వెంటనే తట్టలేదు. అయిదేళ్ల పిల్లలకు మాత్రం ఆ తడబాటు లేదు. మీ అమ్మగారికి సోల అంటే వడ్లు. వడ్లు లేనప్పుడు సోల ఇత్తడి ముక్క, కిలోల లెక్కన అమ్మేయవలసిందే. పాప మాత్రం కొలవడాన్ని ఉంచుకొని, కొలిచే సరుకును మార్చుకుంది.

అయితే పిల్లలంటే నీళ్లలాంటివారు, ఏ పాత్రలో పోస్తే ఆ రూపం అనుకోవద్దు. ఫిలిప్ జెలాజో పేరుతో ప్రసిద్ధమైన ఒక పరీక్షలో బొమ్మల అట్టముక్కలను మొదట రంగును బట్టి వేరుచేయమంటారు, తర్వాత ఆట మార్చి ఆకారాన్ని బట్టి వేరుచేయమంటారు. మూడేళ్ల పిల్లల్లో చాలామంది పాత పద్ధతినే పట్టుకొని వేలాడతారు. విచిత్రం ఏమిటంటే కొత్త నియమం ఏమిటని అడిగితే నోటితో సరిగ్గానే చెబుతారు, చెయ్యి మాత్రం పాత కుప్పలోకే పోతుంది. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామందికి ఆ మళ్లడం అలవడుతుంది. నల్లగొండకు వచ్చేశామని నోటితో చెబుతూ, నాలుగింటికి లేచి వాకిట్లో నిలబడుతున్న మిమ్మల్ని తలచుకుంటే, మన్నించాలి, నాకు ఆ మూడేళ్ల పిల్లలే కళ్లముందు మెదిలారు.

కృష్ణ ఒడ్డువాడు, కొల్లాపూర్:

అందరి మాటలకు కొంచెం అడ్డుతగులుతున్నందుకు మన్నించండి. నేను కూడా ముంపు ఊరివాణ్నే. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు మా ఊరి మీదికి వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. అప్పుడు కూడా పెద్దవాళ్లందరూ "పోరగాండ్లకేంది, వాళ్లు సర్దుకుంటరు" అనేవారు. ఆ మాట వల్ల వాళ్లకు ఒక సౌకర్యం ఉండేది: మా వైపు చూడవలసిన అవసరం లేకపోయేది.

మా తమ్ముడికి అయిదేళ్లు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం కొత్త ఇంటికి వచ్చాక మళ్లీ మొదలై ఏడాది దాకా సాగింది. దానికి వాడు తిన్న దెబ్బలు నాకు తెలుసు. నేను కొత్త బడిలో మొదటి మూడు నాలుగు నెలలు నోరు తెరవలేదు. పంతులు నన్ను బుద్ధిమంతుడు అన్నాడు. టీచరమ్మ చెప్పిన మూల నాకు బాగా తెలుసు, అక్కా. నన్ను ఎవరూ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు.

ఆ రోజుల్లోనే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి అంకె వేసి విప్పి, తీసుకొచ్చి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు పోయినా చూడవచ్చు, చక్కగా నిలబడి ఉంది. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో తెలిస్తే గుడి అయినా ఊరు దాటి బతుకుతుంది. మా ఇళ్లకు, మా వాడకట్టుకు ఎవరూ అంకెలు వేయలేదు. ఒక పక్కింటివారు వనపర్తి వైపు పోయారు, ఇంకొకరు కర్నూలు పోయారు, మేము కొల్లాపూర్ చేరాము.

నన్ను నిలబెట్టింది మా అవ్వ రొట్టెల చప్పుడు. పాత ఊళ్లో లేచే వేళకే ఇక్కడా లేచి, జొన్నపిండి ముద్దను పీట మీద చేత్తో చరిచేది. కొత్త ఇంటి గోడలు వేరు, పొయ్యి వేరు, కిటికీలో నుంచి పడే వెలుతురు వేరు, కాని కళ్లు తెరవకముందే చెవిన పడే ఆ టపటప మాత్రం అదే. ఆ చప్పుడు వింటూ పడుకున్న కొద్దిసేపు నేను ఏ ఊళ్లో ఉన్నానో నాకు పట్టేది కాదు. తర్వాత లేచి బయటికి పోయేవాణ్ని. మూడు నాలుగు నెలల తర్వాత మాట కూడా వచ్చింది.

కాబట్టి అన్నా, పాపకూ మీ నాయనకూ పోటీ పెట్టకండి. పాపకు లోకమంటే మీరు నలుగురు. ఆ నలుగురూ ఆమెతోనే వచ్చారు. మీ నాయన లోకం మీరు నలుగురే కాదు. అరుగు మీద ఆయన పక్కన కూర్చునేవాళ్లు, చెల్కలో గట్టు పంచుకున్నవాళ్లు, పంచాయితీలో తగువు పడినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఆయన బస్టాండులో వెతుకుతున్నది వాళ్లనే. ఆయన రాళ్లకు అంకెలు వేయవలసింది మీరు. ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరి ఫోన్ నంబరు ఏమిటో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.

నారాయణపేట బడిపంతులు:

కొల్లాపూర్ అన్న మాటలకు తోడుగా క్లుప్తంగా రాస్తాను. నేను వలస కుటుంబాల పిల్లలకు చాలాకాలం చదువు చెప్పాను. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటారని మనకు పేరు. కట్టినవాళ్లూ మనవాళ్లే, మునిగినవాళ్లూ మనవాళ్లే; ఆ సంగతి ఇప్పుడు వద్దు.

పుణెలో భవనాల పని దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన ఎనిమిదేళ్ల తండా పిల్లవాణ్ని, కొత్త చోటికి పోగానే నువ్వు మొదట ఏం చేస్తావని ఒకసారి అడిగాను. తాగే నీళ్లు ఎక్కడున్నాయో చూస్తాడట. కుక్కను కట్టేశారా, వదిలేశారా అని చూస్తాడట. తర్వాత తనంత ఎత్తున్న పిల్లవాణ్ని వెతుక్కుంటాడట, వాడి భాష ఏదైనా సరే. "అంతే సార్, పొద్దుగూకేసరికి అది ఊరైతది" అన్నాడు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, అక్కడ హిందీ, మరాఠీ, నాలుగు భాషల్లో పని జరుపుకోగలడు. నా హాజరుపట్టికలో మాత్రం వాడు సగం ఏడాది గైర్హాజరు, చదువులో వెనుకబడినవాడు. సర్దుకోవడం నేర్చినందుకు వాడు కట్టిన ధర అది. ఈ పిల్లలను చూసి నేర్చుకోవాలని అనేటప్పుడు ఆ ధరను కూడా చూడాలి.

పెద్దల సంగతి అడగనే వద్దు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విభజించారు, 2019 ఫిబ్రవరి 17న మా నారాయణపేట విడిగా జిల్లా అయింది. ఇప్పటికీ చిరునామా రాయవలసి వస్తే నా చెయ్యి ముందు మహబూబ్‌నగర్ అనే రాస్తుంది, తర్వాత కొట్టేస్తుంది. మా రెండో తరగతి పిల్లలకు నారాయణపేట ఎప్పటినుంచో ఉన్న జిల్లానే.

మీ నాయన విషయంలో ఒక చిన్న సూచన. ఆయనకు తెలిసినవి చెప్పించుకునే పని అందరూ చేస్తారు. ఆయనకు తెలియనిది ఒకటి పాప చేత అడిగించి చూడండి.

పానగల్ బాటసారి:

రాసిన అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు వారాలు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను, ఎందుకంటే ముందు కొన్ని పనులు చేయవలసి వచ్చింది.

టీచరమ్మ చెప్పినట్లు నాయనతో కూర్చొని మాట్లాడాను. "తెలుసు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు, నేనూ లేవలేదు. ఆ రాత్రి ఆయన మా అమ్మతో బావి గురించి, దాన్ని తవ్వించిన ఏడాది గురించి గంటసేపు మాట్లాడడం గోడ ఇవతలికి వినిపించింది. ఇక్కడికి వచ్చాక అంతసేపు ఆయన గొంతు వినడం అదే మొదలు. నోటుబుక్కు కూడా మొదలుపెట్టాము; ఇప్పటికి పద్నాలుగు ఇళ్లవాళ్ల జాడ దొరికింది, అందులో ఒకరు ఇక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు. పక్కింటాయన పేరు అడిగాను. ఆయనకు కూడా నా పేరు తెలియదట.

పంతులుగారి సూచనను నేను అమలు చేయకముందే పాప చేసేసింది. మా గల్లీ మొదట్లో రోడ్డు పక్కన వరుసగా నాటిన చెట్లు ఉన్నాయి, దట్టంగా, ముదురాకుపచ్చగా. "తాతా, ఇదేం చెట్టు?" అని అడిగింది. మా నాయన ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, తెలియదన్నాడు. చెట్టు పేరు తెలియదని ఆయన నోటి నుంచి రావడం నేను ఇంతవరకు వినలేదు. పాప ఊరుకోలేదు. ఇద్దరూ నడిచిపోయి నర్సరీలో అడిగి వచ్చారు: కోనోకార్పస్ అట. ఆ పేరు నోరు తిరగక నాయన దాన్ని "కోనకర్పూరం" చేశాడు. దాని మీద పిట్టలు గూడు పెట్టవని నర్సరీ అతను చెప్పాడట. "నువ్వు చూసినవా?" అని పాప తాతను అడిగింది.

అందుకని ఇప్పుడు ఆరింటికి ఇద్దరూ ఆ చెట్ల కింద నిలబడుతున్నారు. పాప చేతిలో సోల, అందులో జొన్నలు. నిన్నటిదాకా రెండు కాకులు, ఒక పిచ్చుక వాలినట్లు లెక్క. గూడు మాత్రం ఇంకా కనబడలేదు. బస్టాండుకు ఆయన ఇప్పటికీ పోతున్నాడు, కాని చెట్ల పని అయిన తర్వాతే.